కూజా మొక్కకి మచ్చలు

ముమ్మిడివరంలో మా పక్కింటి పెరట్లో, వాన వెలిసిన సాయంత్రం, అత్తాకోడళ్లు ఒక కుండీ ముందు కూర్చున్నారు. ఆకు చివర చిన్న కూజాలు వేలాడదీసి పురుగుల్ని పట్టే మొక్క అది. కోడలి పుట్టింటి నుంచి వచ్చింది.

“రేపే కదే మీ నాన్నగారు వచ్చేది! ఈ మచ్చలు చూస్తే, పిల్లనీ ఇలాగే చూస్తున్నారనుకోరూ? కొబ్బరికి కొట్టే మందు కొట్టేద్దామా?”

“తెగులు కాదండి అత్తయ్యగారూ. తెగులైతే ఒక ఆకు నుంచి పక్క ఆకుకి పాకుతుందండి. దీనికి అన్ని ఆకులూ ఒక్కసారే అంచుల్నించి మాడుతున్నాయి. వేళ్లకి బలం ఎక్కువైందండి.”

“బలమేంటి? నేను పోసేది చేపలు కడిగిన నీళ్లేగా! ఆ కరివేపాకు చూడు, ఎంత ఏపుగా ఉందో.”

“దానికి మంచిదేనండి. దీనికి వాన నీళ్లు తప్ప పడవండి.”

“నీకు ముందే తెలుసా?”

“ఆయ్.”

“మరి బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావే?”

“మీరు ముచ్చటపడి పోస్తున్నారు కదండి. వద్దంటే ఏమనుకుంటారోనని...”

అత్తగారు మాడిన ఆకు ఒకటి తిప్పి చూశారు.

“మీ నాన్నగారు అడిగితే ఏం చెబుతావు?”

“తెగులనే చెబుతానండి.”

“ఇంకేమేం చెప్పకుండా ఊరుకున్నావు?”

“ఏం లేదండి.”

“అమ్మాయ్!”

“పొద్దున్న కాఫీలో... పంచదార బాగా ఎక్కువండి.”

“ఓసి నీ దుంపతెగ! ఏడాది నుంచీ తాగుతున్నావే! లే, కత్తెర పట్టుకురా. మచ్చలాకులు తీసేసి, వాన నీళ్లతో వేళ్లు కడిగేద్దాం. చేస్తున్నంతసేపూ మిగిలినవన్నీ చెప్పు.”