మొహిద్దీన్ ఎగరేసిన నజ్మా విమానం

"పెద్ద ఎత్తుకేం పంపలా. తాటిచెట్టు తల దాటిందో లేదో, అంతే" అన్నాడు మొహిద్దీన్, చిల్లకల్లు హైవే పక్కన నాగసాయి టీకొట్టు బల్ల మీద కాలు మీద కాలేసుకుని.

నజ్మా కూర్చోలేదు. వీరులపాడులో మనోళ్ళకి చూపించి మధ్యాహ్నానికల్లా ఇచ్చేస్తానని పొద్దున తన బుల్లి విమానాన్ని పట్టుకెళ్ళాడు మేనమామ. పొద్దు వాలుతోంది. ఇంటికి రాలేదు, ఫోనెత్తలేదు. జగ్గయ్యపేట నుంచి స్కూటీ మీద వెతుక్కుంటూ వస్తే ఇదిగో, ఇక్కడ దొరికాడు. రేపు నందిగామలో బుల్లి విమానాల పోటీ. ఎవరూ నేర్పలేదు; వీడియోలు చూసి, థర్మోకోల్ కోసి, మోటారు బిగించి, కూలినప్పుడల్లా అతికించుకుని, ఇన్నాళ్ళకి తిన్నగా ఎగిరేది ఒక్కటి చేసింది. అది లేకపోతే రేపు గ్రౌండు పక్కన నిలబడి చప్పట్లు కొట్టడమే.

"విమానం ఏది మామూ?"

"దాని దగ్గరికే వస్తున్నా, ఆగు. ఈలోపు రామకోటేశ్వరరావు గారు పరిగెత్తుకొచ్చాడు, మిర్చి చేను ఆయనది. 'నా చేను మీద గాలి కూడా నాదే, దించు' అన్నాడు. నేనూరుకుంటానా? 'నేలకి హద్దురాళ్ళేశారు బాగుంది, గాలిలో ఎక్కడ పాతారో చూపించండి' అన్నా. సర్కారోళ్ళ డ్రోన్ల మ్యాప్‌లో వీరులపాడు పచ్చగా ఉంది, పచ్చంటే నాలుగొందల అడుగుల దాకా ఎవర్నీ అడగక్కర్లా."

ఆ పచ్చరంగు సంగతి మొన్న అన్నం తింటూ నజ్మా చెప్పిందే. తన మాట ఆయన నోట్లో తిరుగుతుంటే వినడానికి ఒళ్ళు మండింది. స్కూటీ తాళం చేతిలో తిప్పుతూనే ఉంది.

"మరి దించావా?" అన్నాడు లారీ ఆపి టీ తాగుతున్న బెన్ని.

"దించేలోపు గాలొచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చెవిటికల్లు దాకా పోయింది, కృష్ణ మీదకి. అక్కడ కొంగలు, ఒకటా రెండా, అన్నీ దీన్ని చూసి వెనకాలే వరస కట్టినయ్. నేను కుడికి తిప్పితే కుడికి, ఎడమకి తిప్పితే ఎడమకి."

"అక్కడికి నీ రిమోటు అందిందా?"

"మనసులో గట్టిగా అనుకుంటే అందుద్ది బెన్నీ. అట్టా పోయి పోయి గన్నవరం ఎయిర్‌పోర్టు మీద తేలింది. ఫోనొచ్చింది నాకు. 'మొహిద్దీన్ గారూ, అది ఎర్ర జోనండీ, కాస్త పక్కకి తీస్తే ఢిల్లీ విమానం దించుకుంటాం' అని. పాపం, మర్యాదగానే అడిగారు. కొంగలున్నయ్, తొందర పెట్టకండి అన్నా. ఆగారు."

"ఢిల్లీ విమానం ఆగిందా?" అన్నాడు నాగసాయి టీ వడపోస్తూ.

"గాల్లోనే ఆగింది. పైలట్ అద్దం దించి చెయ్యూపాడు. ఇందాకే పెద్దాఫీసు నుంచి ఆర్డరొచ్చింది, వీరులపాడు నుంచి గన్నవరం దాకా నాలుగొందల అడుగుల ఎత్తున దారి మొహిద్దీన్‌దే, ఎవురెళ్ళాలన్నా అడిగే వెళ్ళాలని. అందుకే నజ్మా, నీ విమానం ఇంకా దిగలా. దారి కాపలా కాస్తంది."

బెన్నీ, నాగసాయీ నవ్వారు. నజ్మా నవ్వలేదు. బ్యాగులో చెయ్యి పెట్టి, గుడ్డలో చుట్టిన సబ్బుబిళ్ళంత బ్యాటరీ తీసి బల్ల మీద పెట్టింది.

"ఎండకి ఉబ్బుద్దని దీన్ని ఎప్పుడూ విడిగానే ఉంచుతా మామూ. పొద్దున నీకిచ్చింది ఒట్టి డొల్ల. దేంతో ఎగిరింది?"



"కొంగలు లాగాయేమో" అన్నాడు బెన్ని.

మొహిద్దీన్ కాలు కిందకి దించాడు. "నా ఆటోలో ఉంది" అన్నాడు, నేల చూస్తూ. "మిర్చి బస్తాలు ఎక్కించేవాళ్ళు చూసుకోక దాని మీదేశారే. నీకెట్టా చెప్పాలో తెలీక..."

కొట్టు పక్కన ఆగున్న ట్రాలీ ఆటో మీద కప్పిన పట్టా లాగింది నజ్మా. ఎడమ రెక్క మధ్యకి విరిగింది. మోటారు వేలితో తిప్పి చూసింది, తిరిగింది. తోక బాగానే ఉంది. ఏడవడానికి టైం లేదు.

"నాగసాయి అన్నా, ఆ గ్లాసులు తీసెయ్, బల్ల కావాలి." స్కూటీ డిక్కీలోంచి జిగురు గొట్టం, వెదురుపుల్లలు తెచ్చింది. విరిగిన చోట పుల్లలు గుచ్చి, జిగురు పూసి, మొహిద్దీన్ రెండు చేతులూ తెచ్చి రెక్క మీద పెట్టింది.

"ఆరేదాకా కదలకూడదు. మాట్లాడితే నీ చేతులు ఊగుతయ్, అందుకని మాట్లాడకూడదు కూడా."

"ఎంతసేపే?"

"అదిగో, ఊగినయ్."

ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి పైన విమానం ఏదో మోగుతూ పోయింది. బెన్ని తలెత్తి చూసి, "అడిగే వెళ్తోందా మొహిద్దీన్ భాయ్?" అన్నాడు.

మొహిద్దీన్ నోరు తెరిచాడు. నజ్మా రెక్క వైపు చూసింది. మూసుకున్నాడు.