ఏడో లెవెల్లో మణికేతు

2004. బందరులోని ఓ డీటీపీ షాపులో, సీరియల్ రాసే మాస్టారు చివరి భాగం టైపిస్టు ముందు పెట్టి కుర్చీలో కూలబడ్డారు.

"ఇదేంటండీ మాస్టారూ, హీరో మణికేతుని చంపేశారు?"

"పత్రికవాళ్లు ఈ వారంతో ముగించమన్నారమ్మా. కంప్యూటర్ గేమ్ లోకంలో జరిగే కథ ఎవరికీ ఎక్కట్లేదట."

"ఏడో లెవెల్లోనే ఉన్నాడు కదండీ. పన్నెండూ దాటితే గేమ్‌లోంచి బయటపడి ఇంటికెళ్తాడన్నారు?"

"ఓపిక లేదమ్మా. ఒక్క ఉత్తరమైనా రాలేదు. ఎవరి కోసం రాయను?"

"మా పెడనలో కలంకారీ బట్టల అద్దకం బల్లల దగ్గర ప్రతివారం నేనే ఈ కథ చెప్తానండీ. అందరూ పని ఆపి మరీ వింటారు. చచ్చిపోయాడని వాళ్లకెలా చెప్పను?"

మాస్టారు జేబులోంచి పెన్ను తీశారు.

"పత్రికకి ఇదే పంపమ్మా. మీవాళ్లకి మాత్రం చెప్పకు. వాళ్లకి ఎనిమిదో లెవెల్ రాసిస్తాను."