మోటరు గుర్రం

1998లో సిద్దిపేటలోని ఓ చిన్న ఫిజియోథెరపీ క్లినిక్. పక్షవాతం వచ్చి మూడు నెలలైన బట్టల దుకాణం రాధాబాయిని, కుర్ర డాక్టరు మోటరుతో ఊగే ఇనుప గుర్రం మీద కూర్చోబెట్టాడు.

“గిదేం గుర్రం బిడ్డా? దీనికి తలకాయే లేదు.”

“వెల్డింగ్ షాపుల చేయించిన అమ్మా. నడిచే గుర్రం లెక్క ఊపుతది. దానితోని మీ నడుముకు బలమొస్తది.”

“పోనియ్యి. తలకాయ లేనోనితోని నలభై ఏండ్లు సంసారం చేసిన.”

“మీ సేటు బయటనే కూసున్నడు. ఇంటడు.”

“ఇననియ్యి. పెండ్లినాడు గుర్రమెక్కి వచ్చిండు. పడతనేమోనని దాని మెడ పట్టుకోని, నన్ను చూసుడే మర్చిపోయిండు.”

“నవ్వకున్రి, జారుతరు. ఎడమదిక్కు ఒరుగుతున్రు. నడుము సక్కగ పెట్టున్రి. ఇగ నేను చెయ్యి తీస్తున్న.”

“పడితే?”

“పట్టుకుంట.”

గుర్రం గరగరమంటూ ఊగింది. ఆమె పెదవులు బిగించి కూర్చుంది.

“ఐదు నిమిషాలైంది అమ్మా. ఒక్కపారి గూడ ఒరగలే. రేపటిసంది మీరే కూసోని తినొచ్చు, మీ తల మీరే దువ్వుకోవచ్చు. సేటుకు చెప్పి వస్త.”

“ఆగు. ఇప్పుడే చెప్పకు.”

“మంచి ముచ్చటనే గదా?”

“మూడు నెలలసంది ఆయనే అన్నం తినిపిస్తుండు. పొద్దుగాల లేస్తే ఆయనే జడ ఏస్తుండు. అంతకుముందు ఎన్నడన్న నా ఎంటిక ముట్టిండా?”

“మరి ఎన్ని దినాలు దాస్తం?”

“జడ ఇంకా వంకరగనే వస్తుంది బిడ్డా. సక్కగ నేర్వనియ్యి.”