పేకముక్కలకు దిక్కులు సరిచూసిన శారదాదేవి గారు

1989వ సంవత్సరం జూన్ పన్నెండవ తేదీన, చేతిలో నియామక పత్రంతో, చంకలో గొడుగుతో చేవెళ్ల భూకొలతల కార్యాలయం మెట్లెక్కిన శ్రీమతి శారదాదేవి గారికి ఆనాడు దక్కినవి ఒక కాలు విరిగిన కుర్చీ, ఒక ఇనుప గొలుసు, ఆ గొలుసు పట్టే చైన్‌మన్ లక్ష్మీనర్సయ్య గారు. కుర్చీ మారడానికి మూడేళ్లు పట్టింది. గొలుసు స్థానంలో యంత్రాలు వచ్చాయి. లక్ష్మీనర్సయ్య గారితో స్నేహం మాత్రం ముప్పై ఆరేళ్లుగా అట్లాగే ఉన్నది.

మా చుట్టుపక్కల పల్లెల్లో, ప్రొద్దుటూరు మొదలు హిమాయత్‌నగర్ దాకా, ఆమె పాదం మోపని గెట్టు లేదంటే అతిశయోక్తి కాదు. పాత కొలతల చిత్రాలైన టిప్పన్లు ఉర్దూలో ఉంటే, ప్రతిదానికీ పక్కవారిని అడగడం నామోషీ అనుకొని, ముప్పయ్యో ఏట అలీఫ్, బే దిద్దుకున్న పట్టుదల ఆమెది. 2009లో మొయినాబాద్ మండల సర్వేయరుగా, 2018లో డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగా మళ్లీ చేవెళ్లకు వచ్చినా ఆమె పద్ధతి మారలేదు. తన కొలతలో జానెడు తేడా ఉందని తెలిస్తే చాలు, ఎండలో నిలబడ్డ రైతులు గొణిగినా, పెద్దమనుషులు గుడ్లురిమినా, తన సంతకాన్ని తానే కొట్టేసి మళ్లీ మొదటి రాయి నుంచి కొలిపించేవారు. ఆమె వెంట పొలానికి వెళ్లిన రోజు మధ్యాహ్న భోజనం సాయంత్రమేనని మా అందరికీ అనుభవమే!

ఆ గుణం ఎంత లోతైనదో మాకు తెలిసింది మాత్రం పేకముక్కల వల్ల. లక్ష్మీనర్సయ్య గారు చిన్నతనంలో అధికారుల క్లబ్బులో చాయ్ అందిస్తూ, కుర్చీల వెనుక నిలబడి బ్రిడ్జి ఆట నేర్చినవారు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరిద్దరు జోడీలై ఆడే ఆ ఆటను భోజన విరామాలలో ఆమెకు నేర్పారు. ఆయన రిటైరై కనకమామిడిలో స్థిరపడ్డాక, కరోనా కాలం నుంచి ఇద్దరూ ఫోన్లలో ఆడసాగారు. ఆ ఆటలో కూర్చునే చోట్లకు దిక్కుల పేర్లే; ఎప్పుడూ ఆమెది దక్షిణం, ఆయనది ఉత్తరం. 2022లో ఉద్యోగుల, విశ్రాంత ఉద్యోగుల ఆన్‌లైన్ పోటీ ఫైనలులో ఈ జోడీ ఒకే ఒక్క పట్టు తేడాతో ఓడింది. అప్పటికే చక్కెర వ్యాధితో చూపు మందగించిన ఆయన, తానే కనపడక ఏదో ముక్క తప్పు నొక్కి ఉంటానని నమ్మి ఆట మానేశారు. మరుసటి ఏడాదికి చూపు పూర్తిగా పోయింది.

ఆయన తప్పు లేదని రుజువు చేయాలని ఆమె కంకణం కట్టుకున్నారు. భద్రపరిచిన మూడు వందల పన్నెండు ఆటలూ ఫోనులోనే ఉన్నాయి. కానీ అవి మనిషి చదివే రూపంలో లేవు. ఫోనుతో పైకి చదివిస్తే "ఎస్, హెచ్, నిలువుగీత, నిలువుగీత" అంటూ అర్థం లేని జపం చేసేది. వాటిని మామూలు తెలుగు మాటల్లోకి మార్చాలని ఆమె యాభై తొమ్మిదో ఏట, వీడియోలు చూస్తూ ప్రోగ్రాం రాయడం నేర్చారు. ప్రతి ఆటలోనూ నాలుగో మనిషి ముక్కలు కనపడక, ఫైళ్లు చెడిపోయాయని వారం రోజులు దిగులుపడ్డారు. ముగ్గురివి తీసేస్తే మిగిలే పదమూడు ముక్కలే నాలుగోవారివని, అందుకే రాయలేదని తట్టిన రోజున కార్యాలయమంతటికీ మిర్చీ బజ్జీలు తెప్పించారు.

ఆ ఆదివారం ఆమె కనకమామిడి వెళ్లి ఫైనల్ ఆటను ఫోనుతో చదివించారు. కాపాడుకోవలసిన ఆటీను రాణిని తొందరపడి పారేసింది ఉత్తరమని ఫోన్ చెప్పింది.

"నేనన్నదే గద మేడం. కండ్లు లేనోడు ఆడితే జోడీని ముంచుతడు," అన్నారాయన నెమ్మదిగా. కాసేపటికి, "జర నా చేతికొచ్చిన ముక్కలు మొత్తం మళ్ల చదివించున్రి," అని అడిగారు. విన్నారు. తల అడ్డంగా ఊపారు. "గిది నా చేయి కాదు. ఆనాడు నాకు ఇస్పేటు ఆసు, రాజు రెండు పడ్డయ్. ఫోన్ ముక్కుకు ఆనిచ్చుకొని సూసిన. గట్ల ఎట్ల మరుస్త?"

ఉత్తరం గుర్తు లేనిదే పటం మొదలుపెట్టని వృత్తి ఆమెది. ఆ అలవాటున, ప్రోగ్రాం రాసేటప్పుడు రికార్డులోని మొదటి చేయిని ఉత్తరమనుకున్నారు. నిజానికి ఆ రికార్డు దక్షిణం నుంచి మొదలవుతుందని అప్పుడు తట్టింది. జోడీలో ఆమె ముక్కలు ఆయనకూ, ఆయన ముక్కలు ఆమెకూ అంటగట్టబడ్డాయి. అక్కడే కూర్చొని సరిచేసి, రెండుసార్లు చూసుకొని ఆమె అన్నారు: "నర్సయ్యన్నా, రాణిని పారేసింది మీరు కాదు. నేను."

లక్ష్మీనర్సయ్య గారి భార్య గోపమ్మ గారు కొంగుతో కళ్లు తుడుచుకుంటూ అన్నారట: "రెండేండ్లాయె, ముక్కల మాటెత్తితే గోడకు మొఖం పెట్టుకొని పండుతుండె. ఇంకోపారి గట్టిగ చెప్పు బిడ్డా, ఈయనకు చెవులన్న మంచిగున్నయ్."

ఆమె గట్టిగా చెప్పారు. ఊరుకుంటే అడిగేవారు లేరు. ఫోన్ ఆమెది, ప్రోగ్రాం ఆమెది, ఎదుటి మనిషికి చూపు లేదు. సోమవారం ఉదయం హాజరు పట్టీలో సంతకం పెట్టకముందే మా అందరికీ ఈ సంగతి చెప్పారు. ఆపై మూడు వందల పన్నెండు ఆటలకూ దిక్కులు సరిచేసి, ఫైనల్ ఆట చివర ఒక వాక్యం చేర్చారు: "ఈ ఆట ఓడింది దక్షిణం వల్ల. దక్షిణం అంటే శారదాదేవి."

లక్ష్మీనర్సయ్య గారు మళ్లీ ఆడుతున్నారు. ఆట మొదట్లో ఆయన ముక్కలను, ఆపై పడే ప్రతి ముక్కనూ ఫోన్ చెవిలో చదువుతుంది, మిగతా లెక్కంతా ఆయన తలలోనే. ఈ వీడ్కోలు సంచిక అచ్చుకు వెళ్తుండగా ఆయన కబురంపారు: "ఒకటో తారీఖు నుంచి మేడంకు ఆఫీసు లేదు. నా ఎదురుంగ కుర్చీ ఏసిపెట్టిన, జల్ది రమ్మనున్రి."

మా పెద్దదిక్కును వదులుకోవడం మాకు కష్టంగానే ఉన్నది. అయినా, ఆ దక్షిణపు కుర్చీలో శారదాదేవి గారు సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు కూర్చోవాలని, ఎదుట లక్ష్మీనర్సయ్య గారూ అంతే కాలం ఉండాలని, ఆటీను రాణిని ఇకనైనా చివరిదాకా దాచుకోవాలని సహోద్యోగులందరం మనసారా కోరుకుంటున్నాం.