కత్తి గాయమా, జబ్బు గుర్తా?

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూన్ ఐదవ తేదీ, సోమవారం ఉదయం మా మెదడు పరిశోధనశాలలో సహాయ శాస్త్రవేత్తగా చేరిన మిత్రులు నేడు పదవీ విరమణ చేస్తున్నారు. నేను వయసులోనూ ఉద్యోగంలోనూ వారికంటే పెద్దదాన్ని, ముందే విరమణ చేసినదాన్ని. పొగడ్తల విషయంలో పిసినారినని అందరికీ తెలుసు. కనుక ఇది ముఖస్తుతి కాదు, సాక్ష్యం.

తొలి సంవత్సరాలలోనే మైక్రోగ్లియా కణాలు వారి మనసును పట్టుకున్నాయి. మెదడులోనే కాపురముంటూ, సన్నని చేతులు చాచి నిరంతరం పరిసరాలను తడుముతూ, చొరబడిన సూక్ష్మజీవులనూ చనిపోయిన కణాల శకలాలనూ మింగివేసే రక్షక కణాలవి. ఆ రక్షణే హద్దు మీరితే ఆరోగ్యంగా ఉన్న కణాలకూ కీడు తప్పదు. "ఎప్పుడు ఊరుకోవాలో వీటికెలా తెలుస్తుందంటారు?" అని భోజనాల గదిలో సైతం అడిగేవారు. పూర్తిగా చెప్పగలవారు లేరు. వారు అడగడమూ మానలేదు. ప్రతిదానికీ "ఆగండి, చూద్దాం" అనడం వల్ల 'ఆగండి సార్' అన్న పేరు స్థిరపడింది. "పొయ్యి మీద పాలు పొంగుతున్నా ఈయనది అదే మాటండీ!" అని వారి శ్రీమతి నాతో మొరపెట్టుకున్నారు.

వారు ఆచార్య పదవికి చేరువైన రోజులలో ఒక పరిశోధక విద్యార్థిని, జబ్బు చేసిన ఎలుకలలో ఒక మందు ఈ కణాల ఉద్రేకాన్ని తగ్గించిందని తన పరిశోధన గ్రంథంలో రాసింది. సరిచూడడానికి కూర్చున్న సంఘం పొద్దున ఆ మందిచ్చిన ఎలుకల మెదడు ముక్కలు కోయించి, తమ సమావేశాలన్నీ ముగించుకొని సాయంత్రం తీరిగ్గా చూసింది. నిండు హాలులో పరిశోధనశాల సంచాలకులు నిలదీశారు.

"ఏమ్మా, శాంతించాయని రాశావు. ఇవేమో ఉద్రేకంతో బంతుల్లా ఉబ్బి ఉన్నాయి. కళ్ళు మూసుకుని రాశావా?"

"చూసిందే రాశాను సార్," అంది ఆ అమ్మాయి. పట్టా పోవడమే కాదు, అబద్ధాలకోరన్న ముద్ర పడనుంది.

"ఆగండి," అన్నారు మా మిత్రులు. "ఏ జబ్బూ లేని ఎలుకను కూడా ఇలాగే కోసి, ఇంతసేపూ ఉంచి చూశారా?"

చూడలేదు. చూస్తే, అవీ అలాగే ఉబ్బాయి! కోసిన ముక్కల్లోనూ గంటలకొద్దీ బతికి ఉండి, కత్తి చేసిన గాయానికి మేల్కొన్న కణాలను జబ్బు గుర్తులనుకున్నారు పెద్దలు. అంతటితో ఆగక మా మిత్రులు, ఆ మందిచ్చిన బతికున్న ఎలుక పుర్రె ఎముకను పలుచగా అరగదీసి, మెదడును కోయకుండానే సూక్ష్మదర్శినిలో చూపించారు. అమ్మాయి రాసిందే నిజమైంది.

సంచాలకులు మా మిత్రులను తమ గదికి పిలిచి, "అయిపోయిందిగా, ఇక వదిలేద్దామండీ," అన్నారు.

"నింద వేసింది హాల్లో, తీసేది గదిలోనా? అదెక్కడి న్యాయం సార్?"

సంచాలకుల చేత హాలులోనే ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పించారు. అందుకు ప్రతిఫలంగా వారి పదోన్నతి ఏళ్ళతరబడి మూలపడింది. ఆ అన్యాయాన్ని ఏ వీడ్కోలు సభా ప్రస్తావించదు గనుక నేను ఇక్కడ ప్రస్తావిస్తున్నాను. నాటి విద్యార్థినే రేపటి నుండి వారి సూక్ష్మదర్శిని ముందు కూర్చోబోతున్నారు.

మిత్రమా, మీరు సంపూర్ణారోగ్యంతో, సకుటుంబంగా నిండు నూరేళ్ళు వర్ధిల్లాలి. ఈ హాలులో ఎవరైనా తొందరపడి తీర్పు చెప్పబోతే 'ఆగండి' అనడానికి మేమున్నాం. పాలు పొంగేటప్పుడు మాత్రం, దయచేసి మీరు ఆగకండి.