దగ్గు డాక్టరు అడగని ప్రశ్న

ఊపిరితిత్తుల డాక్టరైన అక్క ఆరిన బట్టలు మడతపెడుతుండగా, చెల్లెలు పరుగున వచ్చి మంచం మీద దభీమని కూర్చుంది.

"అక్కా! నువ్వు పెద్దమ్మవి కాబోతున్నావ్!"

"నిజమా! ఒసేయ్, గెంతకే! ఇంకో ఏడాది దాకా వద్దనుకున్నారుగా?"

"వద్దనే మాత్రలు వేసుకున్నా. ఒక్కపూట మానలేదు. అయినా వచ్చేసింది, మొండిఘటం! మీ మరిదికైతే కాలు నేలమీద నిలవట్లేదు."

"మాత్రలా? నాతో ఎప్పుడు చెప్పావే?"

"నువ్వెప్పుడడిగావ్? నాకు క్షయ మందు రాసిచ్చిన రోజు దగ్గు, తిండి, నిద్ర అన్నీ అడిగావ్. ఇదొక్కటే అడగలేదు."

అక్క చేతిలోని చొక్కా జారి ఒళ్లో పడింది.

"ఆ మందు వాడుతుంటే గర్భం రాకుండా వేసుకునే మాత్ర సరిగ్గా పనిచెయ్యదే. నాకు తెలుసు. పరీక్షలో రాశాను కూడా!"

"రాసి అక్కడే వదిలేసొచ్చావన్నమాట! పోనీలే, నాకు మేలే చేశావ్. బిడ్డకేం కాదుగా?"

"ఆ మందు వాడుతూ పండంటి బిడ్డల్ని కన్నవాళ్లు బోలెడుమంది. నువ్వు మాత్రం మానకు. రేపు కాన్పుల డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్దాం."

"మరింకా ఆ మొహమేంటక్కా?"

"మన బట్టలు కుట్టే వదిన లేదూ? నిన్ననే ఆవిడకీ అదే మందు మొదలుపెట్టాను."

"అయ్యో! మూడో కాన్పులో చచ్చి బతికింది కదే ఆవిడ! ఇంకోటి వస్తే ప్రాణానికే ముప్పన్నారని నాలాగే మాత్రలు వాడుతోంది. ఆవిణ్ణయినా అడిగావా?"

అక్క ఒళ్లోని చొక్కా పక్కన పెట్టి లేచింది. చెప్పులు తొడుక్కుని, ఆ వదిన ఇంటికి వెళ్లడానికి గడప దాటింది.