గట్టిగా చదివే పిల్ల

యూనివర్సిటీ పక్కన రెండో హాస్టల్ మెట్ల మీద తల్లి ఉసూరుమంటూ కూలబడింది. ఈ పిల్లకు ఏదీ నచ్చదేమోనని ఆమె బెంగ.

"ఇందాకటి హాస్టలుకేం రోగమే? అద్దంలా ఉంది!"

"అక్కడ గట్టిగా చదవకూడదంటమ్మా. మనసులో చదివితే నాకెక్కదుగా."

"నిజమేలే. ప్రత్తిపాడులో నువ్వు చదివితే వీధి చివరికి వినపడుద్ది. మరిక్కడో?"

"నువ్వే విను."

మేడ మీద ఎవరో అమ్మాయి పాఠం వల్లె వేస్తోంది. దాన్ని మించి ఇంకో గొంతు లేచింది.

"హమ్మయ్య! ఇక్కడే చేరు తల్లీ."

"నాకు బాగానే ఉంటదమ్మా. నా చదువు వింటూ మిరపకాయల తొడిమలు తీసేదానివి. ఇంక నీకేం తోస్తది?"

"చదివేటప్పుడు ఫోన్ చెయ్యి. స్పీకర్లో పెడతా. వీధి చివరిదాకా వినపడాలి!"